వెనక సీటుకి పాట ఎప్పుడొచ్చింది?

కారు కొనేటప్పుడు మన చేతిలో ఉండేది ఏమిటి చెప్పండి? రంగు. అదీ ఆ రంగు స్టాకులో ఉంటేనే. ఇంజను, సీట్లు, తలుపులు, అద్దాలు అన్నీ కంపెనీవాళ్ళు ఎలా ఇస్తే అలా తీసుకోవాల్సిందే. కానీ చాలాకాలం పాటు ఒక్క జానెడు చోటు మాత్రం ఇంటివాళ్ళకి వదిలేశారు. డాష్‌బోర్డు మధ్యలో పాటల పెట్టె పెట్టుకునే సందు అది. అక్కడ ఏ పెట్టె పెట్టాలి, దానికి ఎన్ని స్పీకర్లు తగిలించాలి, ఏ పాటలు వినాలి అన్నది పూర్తిగా ఆ ఇంటి ఇష్టం.

ఆ సందు ఎలా పుట్టింది, ఎలా మూసుకుపోతోంది అని కొంతకాలంగా చదువుతున్నాను. చదివిన ప్రతిచోటా కంపెనీల పేర్లు, కనిపెట్టిన మగవాళ్ళ పేర్లు, డ్రైవరు చేతికి అందే బటన్ల సంగతులే. ఒళ్ళో పిల్లాణ్ణి, కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారియర్‌ని పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్న మనకి ఆ పాట ఎప్పుడు వినబడిందో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. అందుకని ఈసారి ఆ కథని వెనక సీట్లోంచి చెబుతాను.

మొదట ఒక ఆశ్చర్యమైన సంగతి. కార్లో కంపెనీ స్టీరియో ముందు, బయట కొనుక్కుని పెట్టించుకునేది తర్వాత అనుకుంటాం కదా. నిజానికి తిరగబడి జరిగింది. ముందు వచ్చింది బయటిదే. 1930లో అమెరికాలో, చికాగోలోని గాల్విన్ కంపెనీ ఒక కారు రేడియో తయారుచేసింది. పాల్ గాల్విన్ దాన్ని తన స్టూడీబేకర్ కారుకి బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరుగుతుంటే అక్కడికి వెళ్ళాడు. లోపల దుకాణం పెట్టుకోలేదు. కారు బయట నిలబెట్టి రేడియో గట్టిగా పెట్టాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి విన్నారు, ఆర్డర్లు వచ్చాయి. ఆ రేడియోకి పెట్టిన పేరే మోటరోలా. 1947లో ఆ పేరే కంపెనీ పేరు కూడా అయింది. మన ఇళ్ళల్లో ఒకప్పుడు సెల్‌ఫోన్ల మీద చూసిన మోటరోలా ఇదే.

ధర 110 నుంచి 130 డాలర్లు. మామూలు ఫోర్డ్ కారే 500 డాలర్ల చుట్టుపక్కల దొరికే రోజులవి. అంటే కారు ఖరీదులో నాలుగో వంతు పాటకి. డబ్బు పోస్తే పని అయిపోయేదా అంటే అదీ కాదు. రేడియోలో వాల్వులుండేవి, వాటికి విడిగా బరువైన బ్యాటరీలు కావాలి. అవి పెట్టడానికి కారు నేల పలకలు ఊడదీయాలి. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా రేడియోలో కరకరమని చప్పుడు. ఇక స్పీకరు? ఒక్కటే. అది కూడా ముందు, డాష్‌బోర్డు కింద. కిటికీలు తెరిచి ఉంటే గాలి, కింద ఇంజను మోత. వెనక కూర్చున్న ఇల్లాలికి ఎంత వినబడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అప్పట్లోనే కారు రేడియో మీద పెద్ద గొడవ నడిచింది. పాట వింటూ నడిపితే డ్రైవరు ధ్యాస తప్పుతుందని, నిషేధించాలని కొన్నిచోట్ల ప్రతిపాదనలు కూడా వచ్చాయి. ఇవాళ సెల్‌ఫోను గురించి మనం పిల్లలకి చెప్పే మాటలే, తొంభై ఏళ్ళ కిందట రేడియో గురించి చెప్పుకున్నారన్నమాట.

యూరప్‌లో 1932లో జర్మనీ కంపెనీ బ్లౌపుంక్ట్ ఇలాంటిది తెచ్చింది. దాదాపు 15 కిలోల బరువు. చిన్న కారు ధరలో మూడో వంతు ఖరీదు. బ్లౌపుంక్ట్ అంటే నీలి చుక్క అని అర్థం. పరీక్షలో నెగ్గిన హెడ్‌ఫోన్లకి నీలి చుక్క పెట్టి పంపేవారట, జనం దుకాణంలో "ఆ నీలి చుక్కది ఇవ్వండి" అని అడగడంతో చివరికి అదే పేరు స్థిరపడింది. మన ఊళ్ళో సబ్బుని దాని మీది బొమ్మ పేరుతో అడిగినట్టే.

కారు కంపెనీలు తామే పాట ఇస్తామని గట్టిగా దిగినప్పుడు ఒక తమాషా జరిగింది. 1956 మోడల్ కార్లలో క్రైస్లర్ కంపెనీ ఏకంగా గ్రామఫోను పెట్టింది. డాష్‌బోర్డు కింద చిన్న అర, అందులో రికార్డు తిరుగుతుంది. గతుకుల్లో ముల్లు ఎగిరిపడకుండా ఏవో ఏర్పాట్లు చేశారు. కానీ ఆ రికార్డులు ఇంట్లో వాడే రికార్డుల్లాంటివి కావు. నిమిషానికి పదహారు చుట్లకి కాస్త ఎక్కువగా, చాలా నెమ్మదిగా తిరిగే ప్రత్యేకమైనవి. ఒక్క కొలంబియా కంపెనీ దగ్గరే దొరికేవి. ఇంట్లో మనం ఇష్టపడి దాచుకున్న రికార్డు కార్లో పెట్టడానికి వీల్లేదు. వాళ్ళిచ్చిన నాలుగు పాటలే వినాలి. కొద్ది ఏళ్ళకే అది మూలపడింది. ఇంట్లోదీ కార్లోదీ వేరు వేరు పాట అయితే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది?

1965లో ఫోర్డ్ కంపెనీ ఎయిట్ ట్రాక్ అనే టేపు పెట్టెని కార్లలో ఇచ్చింది. ఆ టేపు వెనక ఉన్న విలియం లియర్, ముప్ఫై అయిదేళ్ళ కిందట గాల్విన్ కారు రేడియోలో కూడా చేయి వేసినవాడే. దాంతో కార్లోకి స్టీరియో వచ్చింది. స్టీరియో అంటే కుడి ఎడమలకి వేరు వేరు ధ్వని కదా, ఒక్క స్పీకరుతో కుదరదు. ఆ అవసరం కొద్దీ కారులో స్పీకర్ల సంఖ్య పెరగడం మొదలైంది. వెనక సీటు వైపు పాట వేసిన మొదటి అడుగు ఇదేనని నా లెక్క.

అసలు మార్పు తెచ్చింది మాత్రం మనందరికీ తెలిసిన క్యాసెట్టు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దాన్ని చూపించింది. దాని గొప్పతనం చిన్నగా ఉండటం ఒక్కటే కాదు. మిగతా కంపెనీలు కూడా అదే కొలతతో తయారు చేసుకోవచ్చని ఫిలిప్స్ వదిలేసింది. అందుకే ఇంట్లో టూ ఇన్ వన్‌లో తిరిగే క్యాసెట్టే, పొరుగింట్లోనూ తిరుగుతుంది, కార్లోనూ తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మన గొంతు మనమే దాంట్లో పట్టి పెట్టుకోవచ్చు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దేశంలో చాలాకాలం రేడియో వినాలంటే లైసెన్సు కావాలి. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి, పుస్తకంలో స్టాంపు అంటించుకుని రావాలి. 1980ల మధ్యలోగానీ అది పోలేదు. అంబాసిడర్లు, ఫియట్లు ఉన్నవాళ్ళే తక్కువ, వాటిలో రేడియో ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. ఆ చిన్న కారు మధ్యతరగతి ఇళ్ళకి వచ్చింది. మామూలు మోడల్లో స్టీరియో లేదు. డాష్‌బోర్డులో దానికో చోటు మాత్రం ఉండేది. కారు ఇంటికొచ్చి, గుళ్ళో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించాక తర్వాతి పని స్టీరియో పెట్టించడమే. దుబాయ్ నుంచో కువైట్ నుంచో వచ్చే అన్నయ్య ఎవరైనా ఉంటే, చీరలు, సెంటు సీసాలతో పాటు జపాన్ డెక్ ఒకటి తెమ్మని ముందే ఉత్తరం వెళ్ళేది.

ఎక్కడో జపాన్‌లో చేసిన పెట్టె, ఇక్కడ గుర్‌గావ్‌లో చేసిన కారులో చక్కగా ఎలా కూర్చుంది? దానికి కారణం ఒక కొలత. జర్మనీలో పరిశ్రమలకి కొలతలు నిర్ణయించే సంస్థ పేరు పొట్టి అక్షరాల్లో డిన్. వాళ్ళు కారు రేడియో ముఖానికి ఒక కొలత పెట్టారు. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. తర్వాత అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఎత్తు రెండింతలయితే డబుల్ డిన్. మన వంటింట్లో పొయ్యి ఏ కంపెనీదైనా సిలిండరు రెగ్యులేటరు అదే సరిపోయినట్టు, ఏ కారుకైనా ఏ కంపెనీ పెట్టైనా సరిపోయింది. బజారులో అన్ని దుకాణాలు, అన్ని ధరలు, అంత బేరం, అదంతా ఆ చిన్న కొలత పుణ్యమే.

ఇక్కడే వెనక సీటు కథ మొదలవుతుంది. మన కుటుంబాల్లో ఎవరు ఎక్కడ కూర్చునేవారో గుర్తు తెచ్చుకోండి. ముందు నాన్న, పక్కన తాతగారో మామయ్యగారో. వెనక అత్తాకోడళ్ళు, పిల్లలు, అటూ ఇటూ సంచులు. ముందు తలుపుల్లో రెండు స్పీకర్లుంటే ముందువాళ్ళకి చెవులు గింగురుమనేవి, వెనకవాళ్ళకి ఇంజను మోతే మిగిలేది. "కాస్త పెంచండి" అని మనం, "ఇంకెంత పెంచేది, చెవులు పోతున్నాయి" అని వాళ్ళు. అప్పుడు స్టీరియో దుకాణాలవాళ్ళు ఒక పరిష్కారం పట్టుకున్నారు. వెనక అద్దం కింద ఉండే బల్లకి రెండు కన్నాలు కోసి, ఆరంగుళాలు బై తొమ్మిదంగుళాల కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు బిగించేవారు. డెక్‌లో ముందుకీ వెనక్కీ శబ్దం పంచే ఫేడర్ ఉండేది. దాన్ని తిప్పితే పాట మన తల వెనక నుంచి మొదలయ్యేది. మన ఊళ్ళల్లో వెనక సీటుకి పాట తెచ్చింది కారు కంపెనీ కాదు, రంపం పట్టుకున్న ఆ స్టీరియో దుకాణం కుర్రాడు.

పాట వచ్చాక, ఏ పాట అన్న మాట కూడా మన దగ్గరికే వచ్చింది. అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటలు కాగితం మీద వరసగా రాసి రికార్డింగ్ సెంటరులో ఇచ్చేవాళ్ళం. ఆ కాగితం రాసింది ఎక్కువ ఇళ్ళల్లో ఆడవాళ్ళే. తెల్లవారుజామున తిరుపతి ప్రయాణమంటే ముందు సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, ఎండెక్కాక ఘంటసాల, పిల్లలు ఏడిస్తే కొత్త సినిమా పాటలు. టేపు చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పేది మనమే. ఎండాకాలం డాష్‌బోర్డు మీద మర్చిపోతే వంకర తిరుగుతుందని, చీర కొంగులో చుట్టి నీడన పెట్టేదీ మనమే.

తర్వాత దొంగతనాలు పెరిగాయి. అద్దం పగలగొట్టి డెక్ లాక్కుపోయేవారు. దాంతో ముందు పలక ఊడదీసుకుని వెళ్ళేలాంటి స్టీరియోలు వచ్చాయి. పలక లేకపోతే ఆ పెట్టె దొంగకి పనికిరాదు. పెళ్ళికి వెళ్ళినా సినిమాకి వెళ్ళినా మా వారు కారు ఆపగానే ఆ పలక ఊడదీసి నా చేతికి ఇచ్చేవారు. అలా ఎన్నో ఏళ్ళు నా హ్యాండ్‌బ్యాగులో కుంకుమ పొట్లం, తాళాలగుత్తి పక్కన కారు స్టీరియో మొహం ఒకటి తిరిగింది. మీలో ఎంతమందికి ఇది గుర్తుందో!

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. ఆ పలక ఉన్నది మా వారి పాత కారుది. మామయ్యగారు 2003లో కొన్న కారుకి మాత్రం క్యాసెట్టు స్టీరియో కంపెనీదే. 2014కి ఆ కారు మా చేతికి వచ్చింది. స్టీరియోలో రేడియో మూగబోయింది, క్యాసెట్టు మాత్రం ఆడుతోంది. మా వారికి పెన్ డ్రైవ్ పాటలు, ఫోను వచ్చినప్పుడు స్పీకరులో మాట్లాడే సౌకర్యం కావాలి. సరే, మార్పిద్దాం అని బయల్దేరితే అత్తయ్యగారు కూడా వస్తానన్నారు. ఎందుకా అనుకున్నాను.

దుకాణంలో కుర్రాడు చకచకా పని మొదలుపెట్టాడు. రెండు ఇనుప పుల్లలు పక్కల్లో దూర్చి పాత పెట్టెని బయటికి లాగాడు. వెనక రంగురంగుల తీగలు. నేను అడుగుతుంటే ఓపిగ్గా చెప్పాడు. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేది, గడియారం, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి. ఎర్రది తాళం తిప్పితే వచ్చేది. నల్లది ఎర్త్. తెలుపు, బూడిద ముందు స్పీకర్లకి, ఆకుపచ్చ, ఊదా వెనకవాటికి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 50 వాట్లు ఇంటూ 4 అని ఉంది. అది ఒక్క క్షణం పాటు తాకే గరిష్ఠం. కారు బ్యాటరీ 12 వోల్టులదే కాబట్టి విడిగా యాంప్లిఫయరు లేకుండా ఒక్కో స్పీకరుకి నిలకడగా వచ్చేది ఇరవై వాట్ల దాకానే. ఇంటి కారుకి అది చాలా ఎక్కువ.

అంతా అయ్యాక కుర్రాడు "పాతది ఇచ్చేస్తే ఐదొందలు తగ్గిస్తాను సార్" అన్నాడు. మా వారు తలూపబోయారు. అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అత్తయ్యగారు లేచి, "ఆ పెట్టె నాకు ఇచ్చెయ్యి నాయనా" అన్నారు. "అదెందుకమ్మా, రేడియో కూడా పలకట్లేదు కదా" అన్నారు మా వారు. "మా అమ్మ పాట ఇంకెందులో ఆడుతుందిరా?" అన్నారావిడ.

అప్పుడు తెలిసింది నాకు. 1987లో కోనసీమలో వాళ్ళ చెల్లెలి పెళ్ళిలో అత్తయ్యగారి అమ్మగారు పాడిన పెళ్ళిపాటలు ఒక క్యాసెట్టులో ఉన్నాయి. తలంబ్రాల పాట, బంతులాట పాట, అలక పాన్పు, అప్పగింతలు. ఇంట్లో టూ ఇన్ వన్ పాడై ఎప్పుడో పాతసామాన్లలోకి పోయింది. ఇంట్లో మిగతావి ఒక్కొక్కటే సీడీలకీ ఫోన్లకీ మారిపోయాయి. ఆ గొంతు వినిపించగల ఆఖరి యంత్రం ఆ కారు స్టీరియోయే. గుడికి వెళ్ళేటప్పుడు అందరూ దిగిపోయినా "నేను కాసేపు కూర్చుంటానురా" అని ఆవిడ కార్లో ఎందుకు ఉండిపోయేవారో మా ఇంట్లో ఎవ్వరం అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పెట్టె ఇంటికి తెచ్చాం. పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు ఒక 12 వోల్టుల అడాప్టరు తెచ్చి, పసుపు, ఎర్ర తీగలు కలిపి ప్లస్సుకి, నల్లది మైనస్సుకి తగిలించి, పాత వెనక స్పీకర్లు రెండూ అట్టపెట్టెలో బిగించాడు. వంటింటి గట్టు మీద కారు స్టీరియో పాడింది. ఆ రాత్రి ఫ్యాన్లు కూడా ఆపేసి, ఫోన్‌లో రికార్డు చేశాం. పాటకీ పాటకీ మధ్య ఎవరో కాఫీలు అందాయా అని అడుగుతున్నారు. ఒక కోడి కూస్తోంది. ఆవిడ పాట ఆపి, "ఆ ఎర్రదీపం వెలుగుతోందా, చూడవే" అంటారు. అత్తయ్యగారు ఆ మాట దగ్గర నవ్వారు. "ఆ చూసింది నేనే" అన్నారు.

స్టీరియో మార్పించే ఉద్దేశం మీకుంటే మూడు మాటలు. తీగలు కోయకుండా కప్లర్‌తో బిగించమనండి, కారు వారంటీకి, ఫ్యూజులకి అదే మంచిది. డబ్బు పెట్టెకంటే స్పీకర్లకి కొంచెం ఎక్కువ పెట్టండి, తేడా అక్కడే తెలుస్తుంది. బిగించాక డ్రైవరు సీట్లో కాదు, వెనక సీట్లో కూర్చుని విని, అప్పుడు డబ్బులివ్వండి.

అయితే ఈ మార్పించడం అన్నదే త్వరలో పాతమాట అయ్యేట్టుంది. ఇప్పటి కార్లలో ఆ జానెడు సందు లేదు. పెద్ద అద్దంలాంటి తెర ఉంటుంది. ఏసీ, వెనక కెమెరా, కారు సెట్టింగులు అన్నీ దాంట్లోనే కలిపేశారు. పీకితే కారే అలిగి కూర్చుంటుంది. 2014లో ఆపిల్ కార్‌ప్లే, ఆ మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఆటో వచ్చాక తెర ఏ కంపెనీదైనా పాట మాత్రం ఫోనులోంచే. ఏ మాటకామాటే, సౌకర్యంగానే ఉంది. వెనక తలుపుల్లో కూడా స్పీకర్లు కంపెనీవాళ్ళే ఇస్తున్నారు. మనలో చాలామందిమి ఇప్పుడు ముందు సీట్లోనే, స్టీరింగు దగ్గరే కూర్చుంటున్నాం. వెనక పిల్లలు మాత్రం ఎవరి చెవుల్లో వాళ్ళ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి పాట వాళ్ళు వింటున్నారు. పాట వెనక సీటు దాకా రావడానికి అన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు అక్కడ వినేవాళ్ళని వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇది చదివాక ఒక్క పని చెయ్యండి. మీ బీరువా పై అరలో, ట్రంకు పెట్టెలో క్యాసెట్లు ఉన్నాయేమో చూడండి. సినిమా పాటలవి కాదు, ఇంట్లో చేత్తో పేర్లు రాసినవి. ఉంటే, వాటిని ఆడించగలిగిన యంత్రం ఎక్కడ మిగిలిందో ఆలోచించండి. అది మీ అన్నయ్యగారు అమ్మేద్దామనుకుంటున్న పాత కార్లోనే ఉండొచ్చు.